పొయ్యి లోతు

బోర్డు కట్టిన నాలుగో రోజున ఆ మనిషి వచ్చి దాని కింద నిలబడ్డాడు.

పెదవులు కదుపుతూ ఒక్కొక్క అక్షరమే చదివాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

లోపల పిండి పిసుకుతున్న నూబియా చేతులు ఆగిపోయాయి.

ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఏ కొట్టుకూ బోర్డు లేదు. బోర్డు కనబడితే చాలు, అడవిలోంచి తుపాకులవాళ్లు దిగి 'టీకా' అడిగేవారు. వసూలుకు జనం పెట్టుకున్న ముద్దుపేరు అది. బోర్డుల్లేక ఎన్ని అగచాట్లని. పొరుగూరివాడొకడు గడ్డం గీయించుకుందామని పళ్లు పీకే కొట్లో దూరాడట. నోరు తెరిపించేశారు కాబట్టి ఎందుకొచ్చాడో చెప్పే వీల్లేక, రెండు దవడపళ్లు అక్కడ వదిలి గడ్డంతో సహా ఇంటికెళ్లాడట.

రాజధాని బొగొటాలో సర్కారుకూ అడవివాళ్లకూ మధ్య శాంతి సంతకాలయ్యాక కట్టిన మొదటి బోర్డు ఇదే: 'నూబియా రొట్టెల కొట్టు'.

పద్దెనిమిదేళ్లు ఫ్లొరెన్సియా పట్నంలో పరాయి వంటిళ్లలో చాకిరీ చేసి తిరిగొచ్చి, మట్టి పొయ్యి తనే కట్టుకుంది. ఈ బోర్డు నిలిస్తే తమవీ కడదామని వీధంతా కాచుకుని ఉంది. మంగలి ఎర్మిదెస్ తన బోర్డు రాయించి మంచం కింద దాచాడు.

వచ్చినవాడికి రబ్బరు బూట్లు. ఒక కాలు కుంటి. చంకలో గోనెపట్టా చుట్టిన పొడుగాటిదేదో ఉంది.

"పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తారమ్మా?"

"తెల్లవారుజామున."

"ఎంతమంది మనుషులున్నారు?"

"మీకెందుకు?"

"ఊరికే." తలుపులోంచి తొంగి చూశాడు. "పొయ్యి లోతు ఎంతుంటుంది?"

అప్పుడే ఆమె పొట్టి చెక్కతో అరటాకు మీది రొట్టెను లాగబోయి మణికట్టు మళ్లీ కాల్చుకుంది.

"మనిషి పట్టేంత," అంది పళ్లు బిగించి.

అతను తలూపి, వెళ్లి బయటి బెంచీ మీద కూర్చున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. గోడవైపు తిరిగి కూర్చుని, చిన్న కత్తి తీసి, ఒళ్లో ఏదో చేసుకునేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే పట్టా కప్పేసేవాడు. సాయంత్రానికి బెంచీ కింద చెక్క పొట్టు రాలి ఉండేది.

"వాడి బూట్లు చూశావా పిల్లా?" అన్నాడు ఎర్మిదెస్. "అడవి మనిషి. ఆ గోనెలో ఉన్నది చెరకుగడ కాదు."

"అయితే వెళ్లి అడుగు బాబాయ్."

"నాకు బేరం ఉంది."

"నీ కుర్చీలో పిల్లి తప్ప ఎవరున్నారు?"

"దాని మీసాలే కత్తిరించాలి." గొంతు తగ్గించాడు. "పోనీ, బోర్డు దించెయ్యరాదూ. పోతాడేమో."

ఆ మాట నూబియాకు కాలిన మణికట్టు కంటే ఎక్కువ మండింది.

రెండు వారాలు గడిచాయి. కొనడానికి వచ్చేవాళ్లు బెంచీని చూసి అటునుంచటే పోతున్నారు. రొట్టెలు బుట్టల్లో గట్టిపడుతున్నాయి. ఇంకో వారం ఇలాగే సాగితే మళ్లీ పట్నం, మళ్లీ పరాయి వంటిల్లు.

ఆ ఉదయం ఆమె చేతిలో వేడి చెక్కతోనే బయటికొచ్చింది.

"నీ టీకా ఎంతో చెప్పు. లేదంటే పో. రోజూ చచ్చే ఓపిక నాకు లేదు."

అతను గబుక్కున పట్టా కప్పి లేచాడు. "ఇంకొక్క రోజాగితే నేనే అడుగుదామనుకున్నానమ్మా."

"విన్నారా, అడుగుతాడట," అని వీధికంతా వినబడేలా అరిచింది.

వీధి కదిలింది. అప్పుడే బస్సు వచ్చి ఆగింది. అతను గోనె కోసం చేయి చాచాడు. ఆ చేయి దాని మీద పడకుండా ఆరుగురు పట్టుకున్నారు. బస్సులోకి తోశారు.

గోనె మూట బెంచీ మీదే ఉండిపోయింది. దాన్ని ముట్టే మగాడు ఊళ్లో లేకపోయాడు. పోలీసులకు కబురు పెడితే శనివారం వస్తామన్నారు.

శనివారం కంటే ముందు మోటారుసైకిల్ వచ్చింది. మీద ఇద్దరు కుర్రాళ్లు.

"బోర్డు బాగుందక్కా," అన్నాడు ముందువాడు, ఇంజను ఆపకుండానే.

ఆ నవ్వు చూడగానే నూబియాకు అర్థమైంది. టీకా వేసేవాళ్లు వీళ్లు.

వెనకవాడు బెంచీ మీది మూట చూసి ముందువాడి భుజం గిల్లాడు.

"ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడా?"

"ఎవరు?"

"ఆ కుంటాయన. రెండు వారాల్నుంచీ వస్తున్నాం, ఆయన్నీ ఆ మూటనీ చూసి పోతున్నాం. పాత అడవివాళ్లతో మాకెందుకు గొడవ?"

నూబియా బస్సు పోయిన దారి వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. పిలవమంటారా?"

కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు.

"వద్దులే అక్కా. రొట్టెలకొచ్చాం."

"ఎన్ని?"

"రెండు."

డబ్బులిచ్చి మరీ వెళ్లారు.

నూబియా దుమ్ము అణిగేదాకా నిలబడి, తర్వాత బెంచీ మీద కూలబడింది. అవతల ఎర్మిదెస్ తలుపు చాటునుంచి వద్దు వద్దని చేతులూపుతున్నాడు. ఆమె మూట తాడు విప్పింది.

తెడ్డు. రొట్టెలు పెట్టి తీసే కర్ర తెడ్డు, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసినది.

లోపలికి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టి చూసింది. తెడ్డు అంచు పొయ్యి వెనక గోడకు తగిలింది. బయట పట్టుకోవడానికి సరిగ్గా రెండు చేతుల పిడి మిగిలింది. మణికట్టుకు సెగ తగల్లేదు.

పిడి మీద బోర్డులోని అక్షరాలే, అదే వంపులతో: 'నూబియా రొట్టెల కొట్టు'.

దాని కింద చిన్నగా, 'పొయ్యి పనివాడు: అర్సె' అని ఉంది, మిగతా పేరు చెక్కేలోపే ఆమె అతన్ని బస్సెక్కించింది.