మూడో వాల్యుయేషన్

"ఒకటే పేపరు. మీరేమో ఇరవై ఏడు వేసిన్రు, ఈయనేమో అరవై ఒకటి. ఏది నమ్మాలె నేను?"

చరిత్ర శాఖ హెడ్డు అమృతమ్మ జవాబు పత్రాన్ని టేబుల్ మీద పెట్టి, ఎదురుగా కూర్చున్న ఇద్దరు ప్రొఫెసర్లనూ అడిగింది.

ఎమ్మే పేపర్లను ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఒకరు వేసిన మార్కులు ఇంకొకరికి తెలియకూడదు. ఇరవైకి మించి తేడా వస్తే మూడోవారు దిద్దాలి. అదీ యూనివర్సిటీ పద్ధతి. ఈ పేపరుకు ఆ మూడోవారు అమృతమ్మే. ఇక ఆమె వేసిందే ఖాయం. సాయంత్రం ఐదింటికల్లా మార్కులు పంపాలని పరీక్షల విభాగం నుంచి పొద్దున్నే కాగితం వచ్చింది.

"నేను మార్కులు పంచిపెట్టే మనిషిని కాదండీ," అన్నాడు వెంకటసుబ్బారావు కళ్లజోడు తుడుచుకుంటూ. "ముప్పై ఏళ్ల సర్వీసు. నా చేతిలో పాసైనవాడు ఎక్కడికెళ్లినా తలెత్తుకుని నిలబడతాడు. పాసుకు నలభై రావాలి. రాలేదు, వెయ్యలేదు."

"అంత బిగబట్టుడు ఎందుకు సార్? మార్కులు మీ ఇంట్లకెల్లి ఇస్తున్నరా?" అన్నాడు భూపాల్. "పిల్లల పొట్టగొట్టుడు నాతోని కాదు. నా తాన ఫెయిలన్న ముచ్చటే లేదు."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది!"

"దానం గాదు సార్, దయ!"

ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని ఊరికే అన్నారా! అమృతమ్మ ఇక ఆగలేక మధ్యలో అందుకుంది.

"సరే, ఇంతకూ నాలుగో ప్రశ్నకు ఏం రాసిన్రు దీంట్ల?"

వెంకటసుబ్బారావు తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడిచాడు. "నూట ఇరవై పేపర్లండీ. ఒక్కోటీ గుర్తుంటుందా?"

భూపాల్ ఫోను చూసుకుని లేచాడు. "తార్నాకల మీటింగున్నది మేడం. మీరు ఎంత వేస్తే అంత."

అంటే అన్నాడు గానీ పట్టింపు మాత్రం ఇద్దరూ వదల్లేదు. వరండా చివరిదాకా వాదించుకుంటూనే వెళ్లారు.

అమృతమ్మ పేపరు తెరిచింది. నాలుగో ప్రశ్న నగరం పెరిగిన తీరు గురించి. మౌలాలి గుట్ట చుట్టుపక్కల రాళ్లు కొట్టి బతికిన కుటుంబాల సంగతి రాసి ఉంది. 'ఇది మా నాయనమ్మ చెప్పింది' అని కూడా రాసి ఉంది. ఆమెదేమో శాసనాల చదువు. ఇది చరిత్రో, ఇంటి ముచ్చటో ఒక పట్టాన తేలలేదు.

"మేడం, లోపలికి రావచ్చా?"

ఎండకు మొహం కందిపోయిన అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"నా పేరు శైలజ మేడం, ఎమ్మే. మౌలాలి నుంచి వచ్చిన. అందరి రిజల్టు వచ్చింది, నాదొక్కదే ఆపిన్రు. సోమవారం గురుకులం టీచరు పోస్టుకు సర్టిఫికెట్లు చూస్తరంట. మార్కుల మెమో లేకుంటే నా వెనక ర్యాంకోళ్లకు పోతదంట మేడం..."

"సాయంత్రానికి తెలుస్తది. బయట బెంచి మీద కూసో బిడ్డా."

కూసోమంది గానీ అమృతమ్మకు పని ముందుకు సాగలేదు. ఇందాకటిదాకా అది ఉత్త నంబరు. ఇప్పుడు పేపరు తెరిస్తే ఆ పిల్ల మొహమే కనిపిస్తోంది. నలభై వేస్తే జాలిపడి వేసినట్టు. ముప్పై తొమ్మిది వేస్తే నోటికాడి ముద్ద లాగేసినట్టు. అయ్యో, ఈ వయసులో ఇదేం పరీక్ష! ఇది ఎవరిదో తెలియనివాళ్లు, ఏ పట్టింపూ లేనివాళ్లు చదివితేనే న్యాయం అనుకుంది.

అలాంటి మనిషి ఆ శాఖలో ఒక్కడే కనిపించాడు ఆమెకు. మొగిలి, రీసెర్చ్ స్కాలర్. థీసిస్ మీద అందరి సంతకాలూ కావాల్సినవాడు, కాబట్టి ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. కబురు పంపగానే చేతినిండా సుద్దపొడితో వచ్చాడు.

"ఎవరి క్లాసు?"

"భూపాల్ సార్ది మేడం. పొద్దున సుబ్బారావు సార్ది అయింది."

"కూసో. ఈ ఒక్క పేపరు దిద్దిపెట్టు. సంతకం నేను పెడత."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అందులో తప్పుందని ఆమెకు తోచనే లేదు. ఆ శాఖలో అది మంచినీళ్లు తాగినంత మామూలు.

"గట్టిగ దిద్దాల్నా మేడం, చూసీచూడనట్టు దిద్దాల్నా?"

"అదేం మాట మొగిలీ? న్యాయంగ దిద్దు. ఒకరేమో ఇరవై ఏడు వేసిన్రు, ఒకరేమో అరవై ఒకటి. ఇద్దర్ల ఎవరి కన్ను సక్కగున్నదో నువ్వే చెప్పాలె."

మొగిలి పేపరు అందుకున్నాడు. పైనున్న నంబరు చూశాడు. నాలుగో ప్రశ్న దాకా తిప్పి, చప్పున మూసేశాడు.

"ఏమైంది? తెలిసినోళ్లదా?"

"కాదు మేడం."

"మరి కానియ్యి. ఐదింటికి పంపాలె. ఒకరి బతుకు దీని మీదున్నది."

మొగిలి కిటికీలోంచి చూశాడు. బెంచి మీద శైలజ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అతడు పేపరు తెచ్చి మెల్లగా అమృతమ్మ ముందు పెట్టాడు.

"నేనెట్ల న్యాయం జెప్త మేడం? సుబ్బారావు సార్ గట్టిగ దిద్దుమన్నరని ఆ ఇరవై ఏడు వేసింది నేనే, భూపాల్ సార్ చూసీచూడనట్టు దిద్దుమన్నరని ఆ అరవై ఒకటి వేసింది నేనే."