గట్టెక్కడం

"గేటు ఎత్తెయ్యమ్మా, లేకపోతే మురుగంతా ఇళ్లల్లోకి తన్నుకొస్తుంది!" అని అరిచాడు సూపర్‌వైజరు.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో మోటార్లు కాలిపోయాయి. ఆపరేటరమ్మ చక్రం తిప్పగానే నల్లటి నీళ్లు శుద్ధి కాకుండానే ఏట్లోకి దూకాయి.

"సైరన్ మోగిద్దామా సార్? కింద రేవులో జనం ఉంటారు."

"వద్దు! పైవాళ్లకు తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. ఈలోగా మోటార్లు బాగుచేయిద్దాం."

ఆమెకు కాలు నిలవలేదు. రేవులో చేపలు పట్టే తమ్ముడు గుర్తొచ్చాడు. చాటుగా ఫోను చేద్దామని గది వెనక్కి వెళ్లింది. నంబరు నొక్కి చెవిన పెట్టుకునేసరికి గోడ మలుపు అవతల సూపర్‌వైజరు గొంతు వినిపించింది. ఇంటికి ఫోను చేసి మాట్లాడుతున్నాడు.

"పాపను ఏటికి ఈతకు పంపకు. ఎందుకని అడక్కు. పక్కింటావిడకు కూడా చెప్పకు, నీ కడుపులోనే ఉంచుకో."

ఎంత స్వార్థం! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటక్కా? త్వరగా చెప్పు, వల లాగుతున్నాం," అన్నాడు ఫోనులో తమ్ముడు.

'నువ్వు గట్టెక్కు, ఎవరితోనూ అనకు' అని చెప్పడానికే కదా తనూ ఇలా చాటుకొచ్చింది!

"మురుగు వస్తోందిరా. రేవులో ఉన్న అందర్నీ గట్టెక్కించు," అంది, గోడ అవతలికి వినపడేంత గట్టిగా.

పరుగున లోపలికెళ్లి సైరన్ మీట నొక్కింది. సూపర్‌వైజరు రొప్పుతూ వచ్చి ఆమె చెయ్యి లాగబోయాడు. లాగలేక ఆగిపోయాడు.

"అలాగే నొక్కి పట్టుకో," అన్నాడు తలదించుకుని. "నీళ్లలో ఆడే పిల్లలకు ఒక్కసారికి వినపడదు."