జేగురమ్మ అద్దె తొర్ర

వానలకు పురుగు దొరక్క వడ్రంగిపిట్ట జేగురమ్మ కిందటేడు పస్తులుంది. అందుకే ఈసారి ఓ తొర్ర చెక్కి అద్దెకిద్దామనుకుంది. దిగినవాళ్లు రోజుకో మిడత తెచ్చిస్తే చాలు, వానాకాలం గడిచిపోతుంది.

ఏటి ఒడ్డున మోదుగ చెట్టు విరగబూసి ఉంది. అడవిలోని పిట్టలన్నీ అక్కడే. జేగురమ్మ మాను మీద టకటకా కొట్టి చూసింది, గట్టిగానే ఉంది. "ఇంతకంటే గిరాకీ ఎక్కడుంటుంది!" అని మురిసిపోయి, నోరు తెరిచినట్టుండే పెద్ద గుమ్మంతో తొర్ర చెక్కింది.

పూలు రాలాయి. తేనెకొచ్చిన పిట్టలు వచ్చిన దారినే పోయాయి. ఆకాశంలో మబ్బు పట్టింది, తొర్రలో మాత్రం గాలి తప్ప ఎవరూ దిగలేదు.

గడ్డిపోచ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న ఓ గోరింకను ఆపి, "ఏమ్మా, నా తొర్రలోకి రారాదా?" అంది జేగురమ్మ.

గోరింక గడ్డిపోచ కింద పెట్టింది. "బాగానే ఉందత్తా. కానీ అంత పెద్ద గుమ్మంలో పాము కూడా దూరుతుంది. పైగా మా మేతంతా జొన్నచేల దగ్గర. రేపు పిల్లలు పుడితే వాళ్లను వదిలి ఇంత దూరం ఎట్లా తిరగను?"

జేగురమ్మకు చివుక్కుమంది. అయినా గోరింక వెంటే ఎగిరింది. జొన్నచేను గట్టున తల విరిగిన తాటిమోడు ఒకటుంది. కాకి కూడా దాన్ని మెచ్చదు. వాన జల్లు కొట్టని వైపు చూసుకుని, జేగురమ్మ దానిలో తొర్ర చెక్కి, గోరింక పట్టేంత గుమ్మం పెట్టింది. చెక్కపొట్టు దులపకముందే గోరింకల జంట గడ్డితో వచ్చి నిలబడింది.

ఆ వానాకాలం జేగురమ్మ మిడతలు తిని కాస్త ఒళ్లు కూడా చేసింది.

ఇప్పటికీ చెక్కబోయే ముందు మాను కొట్టి చూస్తుంది. కాకపోతే అంతకంటే ముందు కాసేపు ఊరికే కూర్చుని, గడ్డిపోచతో ఎవరు ఎటు పోతున్నారో చూస్తుంది.