మాట వినని పిల్ల

"నా బిడ్డను కొట్టింది ఎవరు?"

స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి నాగప్ప అరిచాడు. మగ్గం మీద నుంచి లేచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచెకు పట్టుపోగులు అంటుకునే ఉన్నాయి. పక్కన పన్నెండేళ్ళ కూతురు భాగ్యశ్రీ. పిల్ల ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి.

లెక్కల మాస్టారు గిరిధర్ కుర్చీలోంచి లేవలేదు. "నేనే. మూడుసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు. క్లాసంతా నవ్వుతాండారు. ఏం చేయమంటావప్పా?"

"వినపల్లేదని చెప్పింది గదా సార్!"

"పోయినేడు క్యాంపులో చెవులు చూసినారు. గంట కొడితే అందరితో పాటు ఈమె గూడా చెయ్యెత్తింది. ఎదురుగా నిలబడి అడిగితే టకటకా జవాబు చెప్తాది. వెనక నుంచి పిలిస్తేనే చెవుడొస్తుందా? అది చెవుడు కాదు, పొగరు."

నాగప్పకు ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డ అబద్ధం చెప్పదు. వినపడదని రుజువు చేస్తే ఏం చేస్తావు?"

"ప్రేయర్‌లో అందరి ముందర చేతులెత్తి మొక్కుతా. పో."

మరునాడు పొద్దున్నే నాగప్ప కూతుర్ని తీసుకుని ధర్మవరంలో బస్సెక్కాడు. హిందూపురంలో నరాల డాక్టరు దగ్గర తలకు వైర్లు పెట్టి చూసే పరీక్ష ఉందని ఎవరో చెప్పారు. దారి పొడుగునా కోపం చల్లారలేదు. కండక్టరుకు, పక్క సీటాయనకు, పెనుకొండ బస్టాండులో జామకాయలమ్మే ఆమెకు కూడా కూతురి చెంప చూపించాడు. "చూడండప్పా, చదువు చెప్పేవాళ్ళు చేసే పనేనా ఇది?"

ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి పేరు సుమలత. ఆమెకూ మొదటి నుంచి చెప్పాడు. "యాక్టింగ్ చేస్తాందంటాడమ్మా ఆ సారు!"

"ఈ పరీక్షలో యాక్టింగ్ కుదరదన్నా. మనం నోటిని అడగం, మెదడును అడుగుతాం," అంటూ సుమలత పిల్ల జుట్టు పాయలు తీసి, జిగురు రాసి, వైర్లు ఒక్కొక్కటే అంటించింది. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోమని సైగ చేసింది.

ముందు మణికట్టు దగ్గర సన్నగా కరెంటు తాకించింది. కాసేపటికి తెర మీద గీత అలలా లేచింది. తర్వాత మూసిన కళ్ళ మీద లైటు మినుకు మినుకుమనిపించింది. మళ్ళీ అల. "స్పర్శ బాగుంది, చూపు బాగుంది," అంటూ చెవులకు ఇయర్ ఫోన్లు తగిలించి టిక్ టిక్ మనే శబ్దం పెట్టింది.

గీత లేవలేదు.

సుమలత శబ్దం పెంచింది. వందలసార్లు టిక్కులు పోయాయి. గీత అలాగే చదునుగా సాగింది.

"మిషన్ చెడిపోయిందేమో చూడమ్మా." రుజువు కావాలని వచ్చినవాడే ఇప్పుడు మాట మార్చాడు.

"మిషన్ బాగుండాదన్నా." ఆమె ఇంకా పెంచింది. ఇయర్ ఫోన్ల నుంచి శబ్దం గదిలోకి వినపడేంత అయ్యాక ఒక చిన్న అల, బద్ధకంగా లేచి పడింది. "చూసినావా? మనం మామూలుగా మాట్లాడే మాట ఈ పాపకు చేరదు. రెండు చెవులూ అంతే."

"ఇంట్లో అందరితో మాట్లాడతాది గదమ్మా!"

"మీ పెదాలు చూసి మాట్లాడతాదన్నా. తెలివైన పిల్ల. చిన్నప్పుడు పెద్ద జ్వరమేమన్నా వచ్చిందా?"

"ఐదేండ్లప్పుడు. ఫిట్స్ గూడా వచ్చినాయి."

"అప్పుడే పోయింటాది. డాక్టరు చూసి చెవికి మిషన్ రాస్తారులే. ఏడేండ్ల ముందే తీసుకొచ్చింటే బాగుండు."

నాగప్ప బల్ల మీద గుద్దాడు. "ఏడేండ్లు! బడిలో ఇంతమంది సార్లు, ఒక్కరికీ తెలీలేదా? వినపడని బిడ్డను పట్టుకొని మాట వినదని కొడతారా? మనుషులేనా వాళ్ళు?"

మర్నాడు ప్రేయర్ వేళకు రిపోర్టు చేత పట్టుకుని బడి మైదానంలో నిలబడ్డాడు. హెడ్మాస్టరు కాగితం చదివి గిరిధర్‌కు అందించాడు. గిరిధర్ రెండుసార్లు చదివాడు. మూడు వందల మంది పిల్లలు చూస్తుండగా భాగ్యశ్రీ ఎదురుగా వచ్చి, ఆమెకు తన పెదాలు కనపడేలా వంగి, రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయింది తల్లీ. నాకు తెలీక కొట్టినా. ఇంగెప్పుడూ నిన్నే కాదు, ఎవర్నీ కొట్టను."

నాగప్ప కోపం అప్పటికీ దిగలేదు. "దండం పెట్టడం మీకు తేలిక సార్. బిడ్డ తిన్న దెబ్బలు వెనక్కి పోతాయా? దాని తప్పేముండాది? ఒక్కసారన్నా ఆలోచించినారా?" అని వరసగా నిలబడ్డ మాస్టర్లందరినీ కడిగేశాడు.

తర్వాత కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క మాట విడమరిచి అన్నాడు. "మాట వినలేదని నిన్ను ఇంగా ఎవరన్నా కొట్టింటే చెప్పు పాపా. భయపడొద్దు. వాళ్ళు ఎంతోళ్ళయినా సరే, ఈడనే, అందరి ముందరనే, వాళ్ళ చేత గూడా నీకు దండం పెట్టిస్తా."

భాగ్యశ్రీ ఆయన పెదాలు ఆగేదాకా చూసింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి, మైదానమంతా వినపడేలా అడిగింది.

"నువ్వు కొట్టినవి గూడా చెప్పల్లా నాయనా?"