పెద్దమ్మ మునక

ఆ శనివారం సముద్రం ఒడ్డున, కయాక్ అనే సన్నటి తెడ్డు పడవల బడి నడిచే అద్దె ఇంట్లో ఐదుగురున్నారు.

కయాక్ నడపడం నేర్పే కోచ్ మేడమ్. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు. రోజూ ఈత కొడతానని వచ్చీ రాగానే చెప్పుకున్న క్యాషియర్ గారు. ఇక మూల స్టూలు మీద, లైఫ్‌జాకెట్ పట్టీలతో కుస్తీ పడుతున్న ఒక పెద్దావిడ.

“ఇవాళ ఈవిడ కూడా మీతో నీళ్ళలోకి దిగుతారు” అంది కోచ్.

“దిగడం వరకూ పర్లేదు, పైకి రావడమే కష్టం” అని పెద్దావిడ తానే నవ్వేసింది.

అక్కణ్ణించి ఆవిడ అందరికీ పెద్దమ్మ అయిపోయింది.

పరీక్ష చిన్నదే. జంటలో ఒకరు నీళ్ళలో పడతారు. రెండోవాళ్ళు తమ కయాక్ దగ్గరకి తెచ్చి, బోల్తాపడ్డ దాన్ని నిలబెట్టి, పడినవాళ్ళని మళ్ళీ ఎక్కించాలి. అది చేయగలిగినవాళ్ళే మర్నాడు ఎదురుగా కనిపించే రాతి దీవికి వెళ్తారు.

చిన్నప్పటినుంచీ అక్కాచెల్లెళ్ళు మేడ మీద నిలబడి ఆ దీవిని చూస్తూనే ఉన్నారు. ఎల్లుండి అక్క కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. ఆ ఊళ్ళో సముద్రం కాదు కదా, చెప్పుకోడానికి ఒక చెరువు కూడా లేదు. ఇద్దరూ కలిసి వెళ్తే రేపే వెళ్ళాలి.

“సొంతవాళ్ళు జంట కట్టకూడదు” అంది కోచ్. “అక్కకి పెద్దమ్మ. చెల్లెలికి క్యాషియర్ గారు.”

అక్క తల తిప్పి చూసింది. పెద్దమ్మ అప్పుడే జాకెట్ తలకిందులుగా తొడుక్కుని, “ఇదేంటి, నా మెడ ఎక్కడ పోయింది?” అంటోంది.

“మేడమ్, మా చెల్లికి ఓపిక ఎక్కువ. పెద్దవాళ్ళని బాగా చూసుకుంటుంది. పెద్దమ్మని దానికిచ్చేయండి” అంది అక్క.

“అక్కా!” అని గొణిగింది చెల్లెలు. ఆ పిల్ల గొంతు పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడదు.

కోచ్ పెద్దమ్మ వైపు చూసింది.

“నాకెవరైనా ఒకటే. నన్ను లాగే ఓపికుంటే చాలు” అంది పెద్దమ్మ. కోచ్ జంటలు మార్చేసింది.

నీళ్ళలో అక్క పని చకచకా అయిపోయింది. క్యాషియర్ గారు ముక్కు మూసుకుని బుద్ధిగా పడ్డారు. ఆమె కయాక్ ఇలా ఆనగానే, అలా కాళ్ళాడించి, మంచమెక్కినట్టు ఎక్కి కూర్చున్నారు.

“ఎలా ఉంది మన ఎక్కడం?”

“సూపర్ సార్!”

అవతల పెద్దమ్మ మాత్రం పడింది చూడండి, ఇల్లు కూలినట్టు!

చెల్లెలు దగ్గరకి వెళ్ళగానే పెద్దమ్మ ఆ పిల్ల తెడ్డు లాగేసింది. తర్వాత చెయ్యి లాగింది. ఆఖరికి జడ పట్టుకుని వేలాడింది. ఇద్దరూ నీళ్ళలోనే!

కయాక్‌లు ఒడ్డుకి లాగి మళ్ళీ ఎక్కారు. పెద్దమ్మ మళ్ళీ పడింది. ఈసారి చెల్లెలి కయాక్ మీదకే ఎగబాకి దాన్నీ బోర్లించింది.

“వామ్మో, పెద్దమ్మ ఓడల్ని కూడా ముంచేసేలా ఉంది!” అని క్యాషియర్ గారు పడీపడీ నవ్వారు.

“బతికిపోయాను” అనుకుంది అక్క.

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోచ్ ఒడ్డునుంచి చూస్తూనే ఉంది. మూడోసారి పడగానే పెద్దమ్మ మళ్ళీ జడ అందుకోబోయింది.

“పెద్దమ్మా! జుట్టు వదలండి!”

ఒడ్డున వలలు ఆరబెట్టేవాళ్ళు తలెత్తి చూశారు. అరిచింది చెల్లెలే.

“నా వైపు రాకండి! అక్కడే ఆగండి! ముందు మీ కయాక్ పట్టుకోండి! రెండు చేతులూ! ఊఁ, ఇప్పుడు కాళ్ళు కొట్టండి... ఇంకా! ఇంకా గట్టిగా!”

పెద్దమ్మ చిన్నపిల్లలా చెప్పినట్టల్లా చేసింది. చెల్లెలు నిలబెట్టి పట్టుకున్న కయాక్‌లోకి, తడిసిన దుప్పటిలా జారుకుంటూ, ఎలాగో ఎక్కి కూర్చుంది.

“అబ్బో, గొంతుందే!” అంది రొప్పుతూ.

సాయంత్రం ముందుగదిలో కోచ్ చెప్పింది. “పాత బ్యాచ్ వాళ్ళతో పాటు రేపు ఇక్కణ్ణించి వెళ్ళేది ఇద్దరు. చెల్లెలూ, పెద్దమ్మా.”

“పెద్దమ్మా?” అన్నారు అక్కా, క్యాషియర్ గారూ ఒకేసారి.

“మరి నేను సార్‌ని ఎక్కించాను కదా మేడమ్!”

“మీరు ఎక్కించలేదమ్మా. ఆయనే ఎక్కారు. నిజంగా మునిగేవాళ్ళు అంత మర్యాదగా ఉండరు. మీరిద్దరూ వచ్చే వారం మళ్ళీ రండి.”

“వచ్చే వారం నేనుండను” అంది అక్క.

“అయితే నేనూ వెళ్ళను” అంది చెల్లెలు.

“నోర్మూసుకుని వెళ్ళు. దీవి అవతలివైపు ఏముందో ఎవరు చూసొస్తారు మరి?”

అలా అన్నదే గానీ, అక్కకి మనసొప్పలేదు. వెనకగది దగ్గరకి వెళ్ళింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటోంది.

“పెద్దమ్మా, కాదనకూడదు. పొద్దుట్నించీ మునిగి మునిగి అలిసిపోయారు. రేపు ఆ కెరటాల్లో మీకెందుకు చెప్పండి అవస్థ? మీరు ఇంటిపట్టున ఉండి, మీ బదులు నన్ను పంపమని మేడమ్‌కి చెప్పరూ?”

పెద్దమ్మ తువ్వాలు భుజాన వేసుకుంది. ముఖంలో కోపం లేదు. నవ్వాపుకుంటోంది.

“సెలవు దొరికినప్పుడు తప్పకుండా రా తల్లీ. నీ జడ కూడా పీకుతాను. కానీ నా బదులంటే మాత్రం కుదరదు...”

“ఎందుకని?”

“నా బదులు వెళ్ళేవాళ్ళు అందరికంటే ముందు పడవ నడపాలి. ఈ బడి పెట్టిన దగ్గర్నుంచీ శనివారం మునిగేదీ నేనే, ఆదివారం దారి చూపించేదీ నేనే” అంటూ పెద్దమ్మ మెల్లగా తలుపు వేసుకుంది.