నాలుగు చుట్లు

"టర్బో ఖరాబ్ కాలే సార్. ఎవరో కావాలని చేసిన పని ఇది" అన్నాడు మెకానిక్ భూమన్న, బానెట్ కింది నుంచి తల బయటికి తీయకుండానే.

వంశీధర్‌రావు చూపు నేరుగా డ్రైవర్ బాలమల్లు మీదికి పోయింది. పొద్దున చొప్పదండి నుంచి కరీంనగర్ వస్తుంటే కూరగాయల ట్రాలీ ఒకటి హారన్ కొట్టి మరీ తన బండిని దాటిపోయింది. నెల రోజులుగా ఇదే తంతు. ఎంత తొక్కినా ఎనభై దాటదు. దోస్తుల ముందు తల ఎత్తుకోలేకపోతున్నానని కొడుకు ప్రణయ్ రోజూ సణుగుతూనే ఉన్నాడు.

భూమన్న విడమరచి చెప్పాడు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది టర్బో. ఒత్తిడి హద్దు దాటితే పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని పొగను బయటికి వదిలేస్తుంది. ఆ తలుపును మూసి పట్టుకునేది ఒక సన్నని కడ్డీ. దాని నట్టును ఎవరో నాలుగు చుట్లు వదులు చేశారు. తలుపు ముందే తెరుచుకుంటోంది, బండి గుంజడం లేదు.

"నేనే తిప్పిన దొరా" అన్నాడు బాలమల్లు, ఎవరూ అడగకముందే.

ఎందుకని అడిగితే మాత్రం నేల చూశాడు. వంశీధర్‌రావు అరవలేదు, నవ్వాడు.

"మగ్గం ముందు కూసునేటోనికి స్టీరింగ్ ఇచ్చిన చూడు, నాది బుద్ధి తక్కువ. జోరంటే భయమైతే బస్సెక్కి తిరుగు. రేపటి సంది రాకు."

బాలమల్లు తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు. "బండిని జర గట్లనే ఉండనియ్యిండ్రి దొరా" అన్నాడు. పిరికివాడి మాటకు జవాబెందుకని వంశీధర్‌రావు ముఖం తిప్పుకున్నాడు.

భూమన్న చేతిపంపుతో గాలి కొడుతూ, పంపు మీటరు ముల్లు ఎంత చూపిస్తే కడ్డీ కదులుతోందో చూసుకుంటూ, నట్టును అర చుట్టు అర చుట్టుగా బిగించాడు. తిరుగు ప్రయాణంలో వంశీధర్‌రావే నడిపాడు. దారిలో కనబడ్డ ప్రతి బండినీ దాటాడు.

గేటు దగ్గరే ఎదురుచూస్తున్న ప్రణయ్ వైపు తాళం విసిరాడు. పోయినేడు బైకు పల్టీ కొట్టినప్పుడు రాడ్డు వేసిన కాలిని ఈడ్చుకుంటూనే ప్రణయ్ ఉరికి వచ్చి బండెక్కాడు. రయ్యిన జగిత్యాల రోడ్డు పట్టాడు.

బాలమల్లు రాలేదేమని భార్య ప్రమోదిని అడిగింది. వంశీధర్‌రావు జరిగిందంతా చెప్పి, నేత పని చేసుకునేవాళ్లకు బండ్లెందుకని మళ్లీ నవ్వాడు.

"బండి ఏడున్నది?" అంది ఆమె.

"ప్రణయ్ తీస్కపోయిండు. ఇప్పుడు చూడాలె దాని జోరు."

ప్రమోదిని గేటు దాకా ఉరికి, ఖాళీ రోడ్డును చూసి వెనక్కి తిరిగింది.

"బాలమల్లుతోని నట్టు తిప్పిచ్చింది నేనే."