మావయ్యగారి కుండీ

"ఒక్క లాగు లాగవే, బేగి వచ్చేస్తాది," అంది ఎస్తర్ రాణి.

"రాదత్తయ్యా. వేర్లు కుండీకి అతుక్కుపోయాయి." కోడలు పరిమళ ఆర్కిడ్ మొక్కను కుండీతో సహా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన కొత్త కుండీ, బొగ్గుముక్కలు, కొబ్బరిపీచు సిద్ధంగా ఉన్నాయి.

"అయితే వేర్లు కత్తిరించేయ్. కుండీ జోలికెల్లకు. మీ మావయ్యగారి గుర్తది."

లోపల్నుంచి పరిమళ మొగుడు ప్రభుకుమార్ కేకేశాడు. "పరిమళా! ఉద్యోగం ఒద్దని కాయితం రాసెట్టాను, వచ్చి సంతకం ఎట్టు. చేరడానికి ఇవాళే ఆఖరు. ఆ కొయ్యూరు కొండల్లో నర్సు పని నీకెందుకు? ఇక్కడ నీకేటి తక్కువైంది?"

పరిమళ కుండీ అంచు చుట్టూ వేర్లను తడిమి చూసింది. ఆ కాయితంలో ఏం రాయాలో పొద్దున్న కొడుక్కి చెప్పింది ఎస్తర్ రాణే.

"కత్తెర తెమ్మంటావా?" అంది కోడలితో.

"బతికున్న వేర్లత్తయ్యా. మీరే నొక్కి చూడండి. చచ్చినదైతే మెత్తగా అణిగిపోద్ది."

ఎస్తర్ రాణి ఒక వేరు నొక్కింది. గట్టిగా ఉంది. ఇంకోటి నొక్కింది. ఆరేళ్లుగా వంటింటి కిటికీలో, ఇంత ఇరుకులో ఉన్నా ఒక్కటీ మెత్తబడలేదు.

ఆమె లేచి వెళ్లి పచ్చడిబండ తెచ్చింది. ఒకే దెబ్బ. కుండీ మూడు పెంకులైంది.

"ఏటమ్మా ఆ చప్పుడు?" అన్నాడు కొడుకు.

"మీ నాన్న కుండీరా. నేనే పగలగొట్టాను," అని, కోడలివైపు తిరిగింది. "కొయ్యూరు బస్సు ఎన్నింటికే?"